నార్మల్ స్లైడు

కొత్త సీసాలో రంగు కలిపిన రోజున ల్యాబులో ఎవరో ఒకరి వేలు పొడవాల్సిందే. రోగుల రక్తానికి ఆ రంగు వాడేముందు, ఏ జబ్బూ లేని మనిషి రక్తం ఒక చుక్క గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసుకుంటాం. రంగు సరిగ్గా పట్టిందా లేదా అందులో తేలిపోతుంది. దాన్ని నార్మల్ స్లైడు అనేవాళ్ళం. ఆ నార్మల్ మనిషి ఎప్పుడూ మా టెక్నీషియన్ తుకారామే. ఆ రోజు మాత్రం అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"నాతోని కాదు మేడం. నా వేళ్ళు జల్లెడ అయినయ్. ఈసారి మీరియ్యుండ్రి. డాక్టరమ్మ రక్తం ఎట్లుంటదో మేం సుత చూస్తం," అన్నాడు.

నవ్వుతూ వేలు చాపాను. అతను పొడిచాడు, పరిచాడు, ఆరబెట్టి రంగు పోసి కడిగి తెచ్చిచ్చాడు. వాచీ వంక చూసుకుంటూనే కన్ను మైక్రోస్కోపుకి ఆనించాను. సాయంత్రం మా అత్తగారి చర్చి స్త్రీల సమాజం మా ఇంట్లోనే. ఇరవైమందికి బజ్జీల పిండి కలపాలి, శనగపిండి ఉందో లేదో అని నా ఆలోచన. రంగు బ్రహ్మాండంగా పట్టింది. కణాలే బాగాలేవు. ఎర్ర కణాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి కోడిగుడ్డులా సాగింది. తెల్ల కణాలు తక్కువ, ఉన్నవాటి రూపం సరిగా లేదు. గడ్డకట్టించే చిన్న కణాల కోసం స్లైడంతా వెతికాను. అక్కడక్కడా విసిరేసినట్టున్నాయి. ఇది ఎవరి స్లైడు తెచ్చి పెట్టాడు వీడు అని నిజంగానే విసుక్కున్నాను. ఆ తర్వాత నా వేలి మీదున్న దూది చూసుకున్నాను.

"రంగు మంచిగొచ్చిందా మేడం?" అన్నాడు తుకారాం.

"బాగా వచ్చింది. వాడుకో," అన్నాను. స్లైడు తీసి, దూదిలో చుట్టి, నా బ్యాగులో వేసుకున్నాను.

నేను రక్తం డాక్టర్ని. బేగంపేట దగ్గరున్న మా ఆసుపత్రికి శ్రీకాకుళం నుంచీ వచ్చేవాళ్ళు, ఆదిలాబాదు నుంచీ వచ్చేవాళ్ళు. రాష్ట్రం ఒక్కటిగా ఉన్న రోజులవి, రక్తం జబ్బుల డాక్టర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఎముకల్లో మజ్జ ఉంటుంది, రక్తం పుట్టేది అక్కడే. కొందరిలో ఆ మజ్జ దారి తప్పుతుంది. వంకరటింకర కణాలను తయారుచేసి వదులుతుంది, తర్వాత ఎప్పుడో ఒకప్పుడు అది రక్తం క్యాన్సరుగా మారుతుంది. నా పరిశోధన అంతా ఆ జబ్బు మీదే. వాళ్ళు ఎన్నాళ్ళు బతుకుతారో గ్రాఫు గీసి జర్నల్లో అచ్చువేయించిందాన్ని నేనే. ఆ గ్రాఫులో గీత ఎలా కిందికి దిగిపోతుందో కళ్ళు మూసుకున్నా కనపడుతుంది. ఇన్నాళ్ళూ ఆ గీత చూసి, బాగా వచ్చింది అని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఆ గీత మీద నేను ఎక్కడున్నానో, మా అమ్మాయి మేబెల్ పదో తరగతికి వచ్చేసరికి ఉంటానో ఉండనో అని లెక్క వేసుకుంటున్నాను. మేబెల్ అప్పుడు ఏడో తరగతి. తల దువ్వుకోవడం కూడా రాదు దానికి.

అన్ని గుర్తులూ ఉన్నాయి, నేనే చూడలేదు. బస్సు దిగి బొల్లారంలో మా ఇంటిదాకా నడిచేసరికి ఆయాసం. తొడల మీద ఎప్పుడు తగిలాయో తెలియని కమిలిన మచ్చలు. నాలుక మంట, పచ్చడి తగిలితే ప్రాణం పోయేది. ఎవరైనా పేషెంటు వచ్చి ఇవన్నీ చెప్తే అక్కడికక్కడే రక్తం తీయించేదాన్ని. నాకు నేను చెప్పుకున్నది మాత్రం, పని ఎక్కువైంది అని. ఇంట్లోవాళ్ళు చెప్పింది కూడా అదే, కాకపోతే వాళ్ళు పని అన్నది ల్యాబు పనిని. "ఆ రీసెర్చి మానేస్తే అన్నీ సర్దుకుంటాయి," అనేవారు మా ఆయన జీవరాజు, పేపరులోంచి తల ఎత్తకుండానే. ఆయన మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. తాగరు, చెయ్యెత్తరు, గుడిలో అందరూ ఆయన్ని చూపించి కొడుకులకు బుద్ధి చెప్తారు. "మా మిసెస్ బ్లడ్ క్యాన్సర్ మీద పరిశోధన చేస్తోంది" అని ఎవరొచ్చినా గర్వంగా చెప్తారు, చెప్తూనే నా వైపు చూసి కాఫీ అన్నట్టు బొటనవేలు నోటి దగ్గరికి ఊపుతారు. కూరలో ఉప్పు తగ్గిన రోజున మాత్రం, "లోకంలో అందరి రక్తంలో ఏం తగ్గిందో కనిపెడతావు, కూరలో ఏం తగ్గిందో తెలియదా," అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, అదే కదా ఖర్మ.

మా అత్తగారు కాంతమణిగారిది ఇంకో వరస. ఊళ్ళోవాళ్ళ రోగాల నెత్తురు ముట్టుకుని వచ్చి ఆ చేతుల్తో వంటింట్లోకి పోకూడదని, ఆసుపత్రి నుంచి రాగానే పెరట్లో తలస్నానం చేయించేవారు, డిసెంబరు చలిలో కూడా. "ఎన్నాళ్ళకైనా ఆ రోగం నీకు అంటుకుంటుందమ్మాయ్, చూస్తూ ఉండు," అనేవారు. అది అంటురోగం కాదని పెళ్ళయిన కొత్తలో బొమ్మ గీసి మరీ చెప్పాను. బొమ్మ బాగుంది అన్నారు. ఇప్పుడు నేను వెళ్ళి, అత్తయ్యగారూ, అంటుకుంది అని చెప్పాలా? చచ్చిపోతానన్న భయం ఒకటైతే, ఆవిడ మాట నిజమైందని ఆవిడ ముఖంలో కనపడే తృప్తి చూడాలన్న భయం ఇంకొకటి. రెండోది చిన్నదని మీరనుకుంటారు. ఆ ఇంట్లో ఉంటే తెలుస్తుంది.

ఆ సాయంత్రం తల తడుపుకుని, బజ్జీలు వేస్తూ, ముందుగదిలోంచి వచ్చే మాటలు విన్నాను. ప్రార్థన అంశాలు చదువుతున్నారు. ఫలానా ఆయన కిడ్నీ కొరకు, ఫలానా అమ్మాయి గర్భసంచి కొరకు. డాక్టరు చెప్పిన సంగతి రోగి ఇంటికి చేరేలోపు మా సమాజానికి చేరుతుంది. వచ్చే వారం నా మజ్జ కూడా ఆ గదిలో పేరు పేరునా ప్రార్థనకెక్కుతుంది. అందరూ వచ్చి నా చేయి పట్టుకుని కళ్ళు మూసుకుంటారు. ఉద్యోగం మాన్పిస్తారు, అది మాత్రం ఖాయం.  గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "బజ్జీలు మాడుతున్నట్టున్నాయి అమ్మాయ్," అని కేక వినపడింది. నిజమే, మాడాయి.

ఆదివారం పాస్టరు యేసురాజుగారి కుటుంబాన్ని భోజనానికి పిలిచారు. మటన్ కూర, పులావు. వడ్డిస్తూ బల్ల చుట్టూ తిరుగుతున్నాను. మేబెల్ నల్లి ఎముక పట్టుకుని పీలుస్తోంది. లోపలి మజ్జ బయటికొచ్చేదాకా బల్ల మీద తడుతోంది. దాని మీంచి చూపు తిప్పుకున్నాను. "సిస్టర్ దేవకృపగారి చేతి వంట తిన్నాక ఇంకెక్కడా తినబుద్ధి కాదు," అన్నారు పాస్టరుగారు. "మా జీవాకి ఇంకో రెండు ముక్కలు వెయ్యమ్మాయ్," అన్నారు అత్తగారు. వేశాను. అందరూ లేచాక, గిన్నెకంటిన పులుసులో అన్నం కలుపుకుని వంటింట్లో నిలబడి తినబోయాను. ఆ రోజు అదీ దిగలేదు. నేను లేకపోతే ఈ గిన్నెలు ఎవరు తోముతారు అని వచ్చింది మొదట. నేను లేకపోతే మేబెల్ ఎలా అని రావాల్సిన చోట ఇది వచ్చింది. ఆ ఆలోచనకే ఏడుపొచ్చింది.

సోమవారం ఆలిస్‌కి చెప్పేశాను. ఆలిస్, నేను ఒకే కాలేజీలో చదివాం. ఇప్పుడు అదే డిపార్ట్‌మెంటులో పక్క గది. పెళ్ళి చేసుకోలేదు, ఎవరికీ జడవదు. స్లైడు చూసింది. దాని ముఖం చూడకుండా గోడ మీద క్యాలెండరు చూస్తూ కూచున్నాను.

"మజ్జ తీసి చూడాలే," అంది.

"తెలుసు."

"జీవరాజుగారికి చెప్పావా?"

"లేదు."

నా పేషెంట్లను పడుకోబెట్టే బల్ల మీదే నన్ను పడుకోబెట్టింది. ఎన్ని వందలమందికో చెప్పాను అక్కడ, కొంచెం నొప్పి అంతే, పంటి బిగువున ఓర్చుకోండి అని. కొంచెం ఏమిటి, తుంటి ఎముకలోంచి నా ప్రాణాన్ని సిరంజితో లాగినట్టయింది. బల్ల అంచు పట్టుకుని మా అమ్మను పిలిచాను, ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది. నా ధ్యాస మళ్ళించడానికి ఆలిస్ అలవాటు ప్రశ్నలు అడిగింది. జ్వరాలున్నాయా? బరువు తగ్గావా? తిండి సంగతేమిటి?

"మా ఇంట్లో అన్నీ తింటాం," అన్నాను.

"అయితే ఆ గొడవ లేదు," అంది.

గొడవ ఏమిటో ఇద్దరికీ తెలుసు. మాంసం, గుడ్లు, పాలలో దొరికే విటమిన్ ఒకటుంది. అది ఏళ్ళ తరబడి అందకపోతే మజ్జ అచ్చం ఇలాగే పిచ్చి పిచ్చిగా తయారవుతుంది. కాకపోతే అది ఇంజెక్షన్లతో నయమైపోతుంది. ఈ రెండూ చూడటానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి, ముందు తిండి సంగతి తేల్చుకోండర్రా అని విద్యార్థులకు చెప్పేదాన్ని నేనే. అది బొత్తిగా శాకాహారులకు వచ్చే తిప్పలని అప్పట్లో అందరి లెక్క. ప్రతి ఆదివారం మటన్ వండే ఇల్లు మాది. కాబట్టి మిగిలింది రెండోదే.

ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో చెప్పలేను. బస్సులో పక్కన కూచున్న ముసలమ్మను చూసి అసూయ పడ్డాను, ఈవిడ ముసలిదయింది కదా అని. మేబెల్‌కి జడ వేసుకోవడం నేర్పాను. "ఇప్పుడెందుకమ్మా," అని విసుక్కుంది. పాయలు ఇటు తిప్పు, అటు తిప్పు అంటూ కోప్పడి, దాన్ని ఏడిపించి, మళ్ళీ నేనే దగ్గరకు తీసుకున్నాను. జీవరాజుగారు వచ్చి చూసి, "తల్లీకూతుళ్ళ నాటకాలయ్యాక భోజనం ఉంటుందా," అన్నారు.

బుధవారం మధ్యాహ్నం ఆలిస్ కబురు పెట్టింది. గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. మైక్రోస్కోపు దగ్గర కూచుని ఉంది, లేవలేదు. నేనే ఎదురుగా కూచున్నాను.

"నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. అన్నీ తింటాం అన్నావు. తింటాం అంటే ఎవరు?"

"అంటే... మా ఇంట్లో."

"ఇంట్లో సంగతి వదిలెయ్. ఇల్లు తినదు. నువ్వు ఆఖరుసారి మాంసం ముక్క ఎప్పుడు తిన్నావు?"

చెప్పబోయాను. ఆదివారం అనబోయాను. ఆదివారం గిన్నెలో ఏమీ మిగల్లేదు. అంతకుముందు ఆదివారం సమాజం వాళ్ళొచ్చారు. అంతకుముందు ఈస్టరుకు ముందు లెంట్ ఉపవాసాల నలభై రోజులు, అవి అందరికీ అన్నారు గానీ స్కూల్లో తిరిగే మనిషికీ, ఎదిగే పిల్లకూ, పెద్దావిడకూ గుడ్లూ పాలూ సాగాయి. అంతకుముందు క్రిస్మస్. క్రిస్మస్‌కి తిన్నానా? నాకు వేసిన ముక్క మేబెల్ అడిగితే దాని పళ్ళెంలో వేశాను. గుడ్లు లెక్కపెట్టి వండుతాం, ఆ లెక్కలో నేను లేను. పాలు కాఫీలకు సరిపోతాయి, నాది డికాక్షన్ టీ. మధ్యాహ్నం బాక్సులో పచ్చడన్నం, పొద్దున్న అందరి క్యారియర్లూ సర్దాక నాకు మిగిలేది అదే. ఇవి కాక ఉపవాసాలు. ఆయనకు హెడ్మాస్టరు పోస్టు రావాలని శుక్రవారాలు మొదలుపెట్టారు అత్తగారు, భార్య ఉపవాసముంటే దేవుడు త్వరగా వింటాడని. పోస్టు వచ్చింది. శుక్రవారాలు ఆగలేదు. ఆ తర్వాత మేబెల్ ఆయాసానికని బుధవారాలు కలిశాయి. ఎన్నేళ్ళు వెనక్కి వెళ్ళినా నా పళ్ళెంలో ఏమీ కనపడలేదు. ఎవరూ నన్ను తినొద్దనలేదు. ఆ మాట గట్టిగా చెప్తున్నాను, ఒక్కరూ అనలేదు. నువ్వు తిన్నావా అని కూడా ఎవరూ అడగలేదు.

ఆలిస్ మైక్రోస్కోపు నా వైపు తిప్పింది. "నీ మజ్జకు జబ్బు లేదే పిచ్చిదానా. ముడిసరుకు లేక అల్లాడుతోంది. ఇనుము లేదు, విటమిన్ లేదు. నువ్వు క్యాన్సరు కోసం వెతికావు కాబట్టి నీకది కనపడింది. వెనక్కి తిరుగు, మొదటి ఇంజెక్షన్ ఇప్పుడే పొడుస్తాను."

బతికిపోయానని ఎగిరి గంతేయాలి కదా. అలా జరగలేదు. ఇంజెక్షన్ పొడిపించుకుని, చీర సర్దుకుని, అక్కడే కూచుండిపోయాను. వారం నుంచి పడిన భయం ఎక్కడికీ పోలేదు, మొహం మార్చుకుని మళ్ళీ వచ్చి కూచుంది. క్యాన్సరయితే చెప్పుకోవడానికి పేరు ఉంది. మంచం మీద పడుకోబెడతారు, జావ కాచి తెస్తారు, గుడి అంతా మోకాళ్ళూనుతుంది. దీనికి ఏమని చెప్పను? ప్రపంచ సదస్సుల్లో రక్తం మీద ఉపన్యాసాలిచ్చే డాక్టర్ దేవకృప, హెడ్మాస్టరు భార్య, తన ఇంట్లో, తను వండిన వంట మధ్యే తిండి లేక కూలిపోతోంది అని చెప్పనా? చెప్తే ఎవరు నమ్ముతారు? "తినొద్దని నిన్ను కట్టేశామా" అంటారు. చావు కన్నా ఈ మాట నోటితో చెప్పడమే నాకు ఎక్కువ భయమేసింది, సిగ్గు కూడా వేసింది.

అప్పుడు ఇంకో భయం తోచింది. నా పరిశోధనలో ఉన్న ఆడవాళ్ళందరినీ తిండి సంగతి అడిగింది నేనే. మీ ఇంట్లో మాంసం తింటారా అనే అడిగాను, ప్రతి ఒక్కరినీ అదే మాట. తింటాం అన్నారు, సరే అని ఆ గొడవ తీసేసి, మజ్జ జబ్బు అని తేల్చాను.

గురువారం పొద్దున్న దేవమ్మ రక్తం ఎక్కించుకోవడానికి వచ్చింది. మెదక్ వైపు మనిషి, నెలకోసారి వస్తుంది, ఇక నయం కాదని నేనే చెప్పాను. ఆమె మంచం మీద కూచుని, ఇంట్లో అనే మాట రాకుండా అడిగాను. "దేవమ్మా, నువ్వు మాంసం తిని ఎన్నాళ్ళయింది?"

ఆమె నవ్వింది. "గదేం అడుగుడు మేడం. ముక్కలు ఆయనకు, పోరగాండ్లకు. ఇంత షోర్వ మిగిల్తె నాకు. ఆడోళ్ళు ముక్కలేరుకుంట కూసుంటరా?"

"గుడ్డు? పాలు?"

"బర్రె పాలు కేంద్రానికి పోస్తం. ఎందుకు మేడం, ఏమన్న ఖరాబైందా?" అంది. నవ్వు ఆగిపోయింది. నా ముఖంలో ఏం కనపడిందో, దుప్పటి అంచు పట్టుకుంది.

నేను ఆమె చేయి పట్టుకున్నాను. నా చేయీ ఆమె చేయీ ఒకే రకంగా పాలిపోయి ఉన్నాయి. ఆ చేతికి ఆ పూటే ఇంజెక్షన్ ఇప్పించి, మళ్ళీ పరీక్షలకు రాశాను. అందరిలో జబ్బు ఉండకపోదు, కొందరిలో నిజంగానే ఉంటుంది. కొందరిలో లేకపోతే? మా హెడ్డు రామభద్రరావుగారి గదికి వెళ్ళి, అచ్చుకు పంపిన నా కొత్త పరిశోధన పేపరు ఆపాలి, ఆడవాళ్ళందరినీ వెనక్కి పిలిచి మళ్ళీ అడగాలి అన్నాను. "మీ ఒంట్లో బాగాలేదని విన్నాను, సెలవు పెట్టండి," అన్నారాయన జాలిగా. సెలవు అక్కర్లేదు, ఉత్తరాలు నేనే రాసుకుంటాను అని చెప్పి బయటికొచ్చాను.

వచ్చేటప్పుడు రాంగోపాల్‌పేటలో దిగి మేక కార్జం కొన్నాను. ఇంట్లో స్త్రీల సమాజం అప్పుడే ముగిసినట్టుంది, ముందుగదిలో కుర్చీలు చెల్లాచెదురుగా ఉన్నాయి. నేను తల తడుపుకోలేదు. చేతులు కడుక్కుని సరాసరి వంటింట్లోకి వెళ్ళి కార్జం వేయించాను. ఆ వాసనకు నాలో లేచింది ఆకలి అని గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. పళ్ళెంలో అన్నం పెట్టుకుని, పక్కన కార్జం వేసుకుని, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూచున్నాను. జీవరాజుగారు ఇంకా కూచోలేదు. అత్తగారు గుమ్మంలో నిలబడి పళ్ళెం చూశారు, నన్ను చూశారు, మళ్ళీ పళ్ళెం చూశారు.

"వాడికి తీసిపెట్టకుండానే?" అన్నారు.

 నేను ముద్ద కలుపుతూనే ఉన్నాను. ఆయన పేపరు పట్టుకుని వచ్చి, ఏదో అడగబోయి, ఆగిపోయారు. మేబెల్ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"పోనీలే, ఇవాళ్టికి తిను," అన్నారు అత్తగారు, క్షమించినట్టు. "రేపు శుక్రవారం. జీవా స్కూలు కరస్పాండెంటు ఎన్నికలో నిలబడుతున్నాడు, ఎన్నికయ్యేదాకా ఉపవాసం తప్పకూడదు. గుర్తుందిగా?"

"గుర్తుంది అత్తయ్యగారూ," అన్నాను. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, మళ్ళీ తలెత్తాను.

"ఎన్నిక ఆయనది కదా. రేపటి నుంచి ఉపవాసం కూడా ఆయనే ఉంటారు."